మేనత్త పెట్టిన మూడు షరతులు

హలో… ఆ, నేనే… కలోలైనేనే మాట్లాడుతున్నాను. చెప్పండి ఫిలిప్పా గారూ… ఆ, బాగా వినబడుతోంది. ఆక్లాండ్ నించే కదా… ఇక్కడా వానే.

లేదండీ, ఇబ్బందేం లేదు. ఆసుపత్రి వంటింట్లో ఉన్నాను. మధ్యాహ్నం వడ్డన అయిపోయింది. రాత్రికి చేమదుంపలు చెక్కు తీస్తున్నాను. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించి మాట్లాడడం నాకు అలవాటే.

…నా మెసేజి చూశారన్నమాట. వారం పట్టింది… ఆ, ఆ మూడు షరతుల గురించే.

…అయ్యో, కోపం ఎందుకండీ? ఉద్యోగం నాకు కావాలి. కావాలి కాబట్టే ఇంత మాట్లాడుతున్నాను. అక్కర్లేకపోతే ఊరుకునేదాన్ని.

జీతమా… జీతం బాగానే ఉంది. దాని జోలికి నేను పోలేదు. గది కూడా బాగానే ఉందిట, కిటికీలోంచి సముద్రం కనబడుతుందని రాశారు. పుట్టినప్పట్నించీ సముద్రమే చూస్తున్నాను. అయినా ఈ వంటింటి గోడ కన్నా నయమే.

…ఆ వంటవాళ్ల తెల్ల టోపీ గురించి అడిగింది షరతు కాదండీ, ఉత్త అనుమానం. అంత పొడుగు టోపీ పెట్టుకుంటే మీ లాడ్జి వంటింటి గుమ్మంలోంచి వంగి వెళ్లాలి. మేలో వంట పరీక్షకి అక్కడికి వచ్చినప్పుడు కొలిచాను… ఆ, టోపీ వదిలేయండి.

…సంతకం పెట్టానండీ. కాదనడం లేదు. పది రోజుల కిందటే పెట్టి పంపాను… తెలుసు, మీ దగ్గరే ఉంది. భద్రంగా ఉంచండి. ఆ సంతకం సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

ముందు ఒక్క మాట. నా రాజీనామా ఉత్తరం మా మెట్రన్ గారి బల్ల మీద ఉంది. నాలుగింటి విమానంలో రాజధానికి పోతుంది. పోయిందా, ఇక ఈ వంటిల్లు నాది కాదు. ఆలోపల మనసు మార్చుకుంటే వెనక్కి తీసుకోవచ్చన్నారు ఆవిడ. అందుకని, ఏదైనా నాలుగులోపల తేలాలి.

…గంటన్నర ఉందా? మీ గడియారం చూసి చెబుతున్నారు. మీకు రెండున్నర అయితే మాకు మూడున్నర. ఉన్నది అరగంట.

సరే, మొదటిది. నాలుగో పేజీ తీయండి… నేనూ తీస్తాను, ఉండండి, చేతికి దుంప జిగురు… ఆ. ‘ప్రధాన వంటమనిషి మేనేజరు ఆదేశాలకు లోబడి పనిచేయవలెను. మేనేజరు మూడు నెలలకొకసారి ఆమె పనికి అయిదుకుగాను మార్కులు వేయవలెను.’ ఇక్కడ మేనేజరంటే ఎవరండీ?

…సెమిసి. సెమిసి నాకు ఏమవుతాడో మీకు చెప్పాడా?

…చెప్పలేదు. చెప్పడని నాకు తెలుసు.

వాడు మా తమ్ముడి కొడుకు. నేను వాడికి మేనత్తని.

…అయితే ఇంకా మంచిదే అంటారేంటి? మీకు మేనత్త లేదా?… ఉంది. ఏం చేస్తుంది ఆవిడ?… క్రిస్మస్‌కి కార్డు పంపుతుందా. ఇంకా?… అంతేనా. పాపం.

చూడండి ఫిలిప్పా గారూ, మా టోంగాలో మేనత్తంటే కార్డు పంపే మనిషి కాదు. తండ్రి కన్నా ఓ మెట్టు పైన. సెమిసికి పేరు పెట్టింది నేను. వాడి పెళ్లికి సరేనన్నది నేను. పెళ్లిలో వాడి అమ్మానాన్నా ఓ పక్కన కూర్చున్నారు, నేను అందరికన్నా ముందు కూర్చున్నాను. కేకులో పై అంతస్తు మా ఇంటికొచ్చింది. కానుకగా వచ్చిన చాపల్లో మంచిది నాది. వాడు పుట్టి ముప్పై నాలుగేళ్లయింది, ఇంతవరకూ నా మాటకి ఎదురు చెప్పలేదు. చెప్పకూడదు. చెప్తే వాళ్లమ్మ ఊళ్లో తలెత్తుకోలేదు.

…ఆ. అలాంటివాడు నాకు ఆదేశాలివ్వాలి.

…‘ఇల్లు ఇల్లే, ఆఫీసు ఆఫీసే’… వినడానికి బాగుంది. సరే, వాడే కదా మేనేజరు. మరి ఈ ఫోను వాడెందుకు చేయలేదు, ఆక్లాండ్ నించి మీరెందుకు చేశారు?

…జ్వరమా? ఎప్పట్నించి?… పోయిన గురువారం నించి. నేను మెసేజి పెట్టింది బుధవారం సాయంత్రం.

పొద్దున్న వాడు రేవులో చేపలు బేరం చేస్తుంటే చూశాను. నన్ను చూసి ఐసు పెట్టె వెనక్కి వెళ్లాడు. వాడికొచ్చింది జ్వరం కాదండీ. నేను.

…మార్కుల సంగతే చెబుతున్నాను. మూడు నెలలకోసారి వాడు నా ఎదురుగా కూర్చుంటాడు. తల దించుకుంటాడు. అయిదుకి అయిదు వేస్తాడు. నేను కోడిని ఈకలతో వండి పెట్టినా అయిదే. మీకు ఆ కాగితం దేనికి పనికొస్తుంది?

…నాకేం నష్టమా? నష్టమేనండీ. బాగా వండానని అయిదు వచ్చిందో, వాళ్ల నాన్నకి అక్కనైనందుకు వచ్చిందో నాకెలా తెలుస్తుంది? ఈ వయసులో ఉన్న పని వదులుకుని వస్తున్నది అది తెలుసుకోడానికే.

అందుకని నాకు మార్కులు వేసే మనిషి నాకు బంధువు కాకూడదు. ఇదీ మొదటి షరతు.

…దీవిలో ఇంకెవరైనా వేస్తారంటారా. మీ దగ్గర పేర్లున్నాయి కదా, చదవండి.

…తెవిటా, బోటు నడిపేవాడు. మా ఆయన పెదనాన్న కొడుకు.

…ఆకనేసి, గదులు చూసుకునే ఆవిడ. మా చెల్లెలు… సొంత చెల్లెలు కాదు, మా పిన్ని కూతురు. మా దగ్గర చెల్లెలంటే అదీ చెల్లెలే.

…ఉలితా. ఆకనేసి కూతురు. ముందుకెళ్లండి.

…మనాసే, జెనరేటరు దగ్గర ఉండేవాడు. బంధువు కాదు… ఆగండి, అంత సంతోషపడకండి. మా పంది వాళ్ల తోట తవ్వింది, మూడేళ్ల కిందట. అప్పట్నించీ మాటల్లేవు. వాడు సున్నా వేస్తాడు. నేనేం వండానో చూడకుండానే వేస్తాడు.

…డంకన్, అతిథుల్ని ఈతకి తీసుకెళ్లేవాడు. ఆస్ట్రేలియా మనిషి. ఏ బంధుత్వమూ లేదు. అంటే పోయిన నెల వరకూ లేదు. పోయిన నెల ఉలితాకి ఉంగరం తొడిగాడు… ఆ, ఆకనేసి కూతురే… మీకు తెలీదా? తెవిటా బోటులోనే తొడిగాడు, ఊరంతా చూశాం.

అయిపోయాయా పేర్లు. ఇంకెవరు మిగిలారు?… మీరు. మీకు నాతో బంధుత్వం లేదు, పంది తగాదా లేదు. మార్కులు మీరే వేయండి.

…ఏ నిబంధన?

…బంధువు కింద బంధువు పనిచేయకూడదని కంపెనీ నిబంధన. ఇది కొత్తదా?… మొదట్నించీ ఉందా? మరి ఆకనేసి కింద ఉలితా… సరే సరే. నేనేం అనలేదు, మీరేం వినలేదు.

…అంటే.

అంటే అసలు ఉద్యోగమే వెనక్కి తీసుకోవాల్సి వస్తుందంటున్నారా.

…అడగండి. మీ పెద్దాయన్నే అడిగి రండి. లైన్లోనే ఉంటాను. నాలుగింటికి, మా నాలుగింటికి. గుర్తుంది కదా.

హేపీ, ఆ గిన్నెలు వదిలి ఇటు రా. ఆవిడ ఫోనులో పాట పెట్టి వెళ్లింది… ఏదో పియానో, నీకు నచ్చదు.

ఏమంటుందా? ఉద్యోగమే ఇవ్వరేమో అంటోంది… నిజం చెప్పాను హేపీ. చెప్పక ఏం చేయను? దాచిపెట్టి చేరితే సెమిసిగాడు ఎన్నాళ్లని ఐసు పెట్టె వెనక కూర్చుని లాడ్జి నడుపుతాడు?

నువ్వు ఆ సూపు చూడు. ఉప్పు వెయ్యకు… తెలుసు. అది ఎలా ఉంటుందో నీ కన్నా నాకు బాగా తెలుసు. పంతొమ్మిదేళ్లు. ఉప్పు లేదు, కొవ్వు లేదు, కొబ్బరిపాల మాటే లేదు. కంచాలు ఎలా వెళ్తాయో అలాగే తిరిగొస్తాయి. ఇంకొంచెం పెట్టమని ఇంతవరకూ ఒక్క ప్రాణి అడగలేదు… రోగులు పాపం, వాళ్లనేం అనను. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి వండాలని నాకుండదా?

మెట్రన్ గారు ఏం చేస్తున్నారు?… ఉత్తరం సంచీలో పెట్టేశారా. విమానాల వ్యాను మూడూ యాభైకి వస్తుంది. నువ్వు గుమ్మంలో నుంచో. వ్యాను కనబడగానే చెప్పు… సూపు దానంతటదే ఉడుకుతుందిలే, దాన్ని ఎవరూ ఎత్తుకుపోరు.

ఆ, ఉన్నాను. చెప్పండి ఫిలిప్పా గారూ.

…కుదరదు… ఒక్క అక్షరం కూడా మార్చరు. సంతకమైపోయిన కాంట్రాక్టు కాబట్టి.

…బంధువుల నిబంధనకి ఈ ఒక్కసారికి మినహాయింపు ఇస్తారు, కానీ కాగితంలో ఉన్నది ఉన్నట్టే. సెమిసి ఆదేశాలు, సెమిసి మార్కులు.

…మానేస్తానంటే ఆరు నెలల ముందు చెప్పాలి. ఆ, ఏడో పేజీ, చదివాను.

…అలా అన్నారా? ‘చదివి సంతకం పెట్టిన మనిషికి ఇప్పుడు షరతులేంటి’ అన్నారా… న్యాయమే. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అంటాను.

సరే. సంతకం సంగతి చివర్లో అనుకున్నాం కదా. చివర వచ్చేసింది. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఎనిమిదో పేజీ. అడుగున నా సంతకం ఉందా?… బాగుందా? చిన్నప్పుడు నా చేతిరాతకి బహుమతి ఇచ్చారు స్కూల్లో. దాని పక్కన తేదీ చదవండి.

…జూలై ఆరు. ఏం వారమండీ?

…క్యాలెండరు చూసుకోండి. తొందర లేదు. అంటే, ఉంది. అయినా చూడండి.

…ఆ. ఆదివారం.

…‘అయితే ఏంటి’ అంటే… మేలో వచ్చినప్పుడు మీరిక్కడ ఓ ఆదివారం గడిపారు కదా. ఏం చూశారు? కొట్లు తెరిచారా? బోట్లు కదిలాయా? విమానం ఏమైనా వచ్చిందా? మీరు టూత్‌పేస్టు కోసం ఊరు మొత్తం తిరిగి ఉత్త చేతులతో వచ్చారని సెమిసి చెప్పాడు. టూత్‌పేస్టే దొరకని రోజున కాంట్రాక్టు ఎలా కుదురుతుందండీ?

మా రాజ్యాంగంలోనే ఉంది. ఆదివారం పవిత్రం. ఆ రోజు చేసుకున్న ఒప్పందం చెల్లదు… ఏ ఒప్పందమైనా. రాసుకున్నా అంతే, సాక్షి పెట్టినా అంతే. నేను కల్పించి చెప్పడం లేదు, మీ లాయరు గారిని అడగండి. ఆయనకి వెతుక్కోడానికి అయిదు నిమిషాలు పట్టదు.

…తెలుసు. తెలిసే పెట్టాను. ఇక్కడ నడక వచ్చిన ప్రతి పిల్లకీ తెలుసు.

…మోసం అనకండి. ఆ మాట వద్దు. ఆ రోజు నాకు మూడుసార్లు ఫోను చేసింది ఎవరు? మొదటిసారి చర్చిలో పాట మధ్యలో మోగింది. పాస్టరు గారు పాట ఆపించి నా వైపు చూశారు. మా ఆయన కొంచెం పక్కకి జరిగి కూర్చున్నాడు, నేనెవరో తెలీనట్టు. రెండోసారి భోజనాల దగ్గర. మూడోసారి నిద్రలో. ఇవాళే కావాలి, సోమవారం పొద్దున్నకి ఫైలు మూసెయ్యాలి అన్నారు. ఇవాళ ఆదివారమండీ అన్నాను. సెలవు రోజున విసిగిస్తున్నందుకు క్షమించండి అన్నారు. నేను చెప్పింది అది కాదు.

…ఇంకా గట్టిగా చెప్పాల్సిందా. మీ గొంతు చూస్తే ఏడ్చేలా ఉంది. అంత కంగారు పడుతున్న మనిషిని కాదని పంపడం మా దగ్గర మర్యాద కాదు. పెట్టాను. మీ మనసు కుదుటపడింది. కాగితం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఇంకొకటి చూడండి. నా సంతకం కింద సాక్షి సంతకం ఎవరిది?

…సెమిసిది. మీ మేనేజరుది. వాడూ ఇక్కడే పుట్టాడు, వాడికీ తెలుసు. సాక్షిగా పెట్టమంటే ‘అత్తా, ఇవాళ ఆదివారం కదా’ అని గొణిగాడు. పెట్టరా అన్నాను. పెట్టాడు.

…మీకెందుకు చెప్పలేదా? నేను చెప్పమనలేదు కాబట్టి. ఇందాకట్నించీ నేను మొత్తుకుంటున్నది అదే కదండీ. ఇప్పుడైనా నమ్ముతారా, వాడు నాకు ఆదేశాలివ్వలేడని?

…నవ్వుతున్నారా?… దగ్గా. సరే, దగ్గండి.

…పెద్దాయన కూడా వింటున్నారా? లైన్లో ఉన్నారా?… ఎప్పట్నించి?… కోడి ఈకల దగ్గర్నించి. నమస్కారం సార్.

…ఆ.

…ఆ, నిజమే సార్. చెల్లని కాగితం ఇద్దరికీ చెల్లదు. మీరు నాకు ఉద్యోగం ఇవ్వాల్సిన అవసరమూ లేదు. నేనూ ఆలోచించాను ఆ మాట. మూడు రాత్రులు ఆలోచించాను.

…ఇంకో వంటాయన ఉన్నారా. ఎక్కడ?… సూవాలో, పక్క దేశంలో. మంచివాడేనా?… ఒక్క ఫోను చేస్తే బయల్దేరతారు. చేయండి సార్. కాకపోతే ఇవాళ బుధవారం. ఆయన బట్టలు సర్దుకుని, ఈ దేశం కాగితాలు చేయించుకుని, రెండు విమానాలు మారి, బోటెక్కి వచ్చేసరికి ఎంత తొందరపడ్డా వచ్చే వారమే. మీ మొదటి అతిథులు ఎల్లుండి దిగుతున్నారు. ముప్పై రెండు మంది. పొద్దున్నంతా తిమింగలాల వెనక ఈదుకుంటూ తిరిగి, ఒడ్డుకొచ్చేసరికి ఒకరినొకరు కొరుక్కుతినేలా ఉంటారు.

…నాకెలా తెలుసంటే, తెవిటా, బోటు నడిపేవాడు… ఆ. మా ఆయన పెదనాన్న కొడుకు.

…

ఉన్నాను సార్. మీరు ఆలోచించుకోండి, నేను దుంప చెక్కుతున్నాను.

…మొదటిది ఒప్పుకున్నారు. ఆదేశాలు, మార్కులు రెండూ ఫిలిప్పా గారివి. ఆవిడకి బంధువులెవరూ లేరు కదా ఇక్కడ… మంచిది. పెన్సిలు ఎక్కడ… రాసుకున్నాను.

రెండోది అయిదో పేజీ సార్. ఆదివారం మధ్యాహ్నం పనివేళ అని ఉంది. అది తీసెయ్యాలి.

…అతిథులెందుకు పస్తుంటారు? శనివారం సాయంత్రమే పందిమాంసం, దుంపలు, ఆకుల్లో కట్టిన కూర, అన్నీ సిద్ధం చేసేస్తాను. ఆదివారం తెల్లారి గుంటలో వేడి రాళ్ల మీద పెట్టి, పైన మట్టి కప్పేసి, చర్చికి వెళ్తాం. మేం వచ్చేసరికి ఉడికి ఉంటుంది. మట్టి తియ్యడం, తినడం. మీవాళ్లకి చూడ్డానికి వేడుక, తినడానికి వేడుక.

…అదీ పనే కదా అంటారా? కాదు సార్. అది ఆదివారం భోజనం. ఊళ్లో ప్రతి ఇంట్లో చేసేదే. నేను దాన్ని పని అనను, మీరు పనివేళ అని రాయకండి. అంతే నేను అడిగేది.

…ఒప్పుకున్నారు. బాగుంది సార్. మీరు అనుకున్నంత చెడ్డవారేం కాదు… ఫిలిప్పా గారనలేదు, నేనే అనుకున్నాను.

ఏంటి హేపీ?… వచ్చేసిందా వ్యాను. మెట్రన్ గారిని ఓ రెండు నిమిషాలు ఆపు… ఏదో ఒకటి చెప్పవే. సూపు రుచి చూడమను… వద్దులే, అది చూస్తే ఇంకా తొందరగా వెళ్లిపోతారు. మోకాలు నొప్పని చెప్పు. ఎలాగూ ఉంది కదా నీకు.

ఆ, సార్. మూడోది. ఆరో పేజీ. ‘ప్రతి కంచానికి మాంసం నూట ఎనభై గ్రాములు, దుంప నూట ఇరవై గ్రాములు తూచి వడ్డించవలెను. రెండవసారి వడ్డన లేదు.’ ఇది కొట్టెయ్యాలి.

…ఎందుకు కుదరదు?

…మీ లాడ్జీలన్నిటికీ ఇదే కొలత. వృథా కాకూడదని. తెలుసు సార్.

…అన్నీ ఒప్పుకుంటాం గానీ ఇది మాత్రం వల్లకాదంటున్నారు.

అయితే ఇలా చేద్దాం. మొదటిది వదిలేస్తాను. సెమిసినే వెయ్యమనండి మార్కులు, ఏ ఐసు పెట్టె వెనకనించో వేస్తాడు. సముద్రం గది వద్దు, ఇంటినించే తెవిటా బోటులో వస్తాను. టోపీ కూడా పెట్టుకుంటాను, గుమ్మంలో వంగుతాను. ఆదివారం మటుకు నాది కాదు, ఇవ్వలేను. ఈ ఆరో పేజీ కూడా ఇవ్వలేను.

…మొండితనం కాదు సార్.

…చెప్తాను. నేను పంతొమ్మిదేళ్లుగా తూచి పెడుతున్నాను. ఇదిగో, నా చేతికి ఆనుకునే ఉంది త్రాసు. ఇక్కడ అది ఉండాలి. అది మనుషుల్ని బతికిస్తుంది, నేను కాదనను. కానీ మీ దగ్గరా అదే త్రాసు ముందు నుంచుంటే, నేను ఓ ఆసుపత్రి వదిలి ఇంకో ఆసుపత్రిలో చేరినట్టే కదా. కిటికీలో సముద్రం తప్ప తేడా ఏముంది?

ఫిలిప్పా గారూ, ఉన్నారా లైన్లో?… మేలో నన్ను పరీక్ష చేయడానికి వచ్చారు కదా. ఏం వండి పెట్టాను?

…ఆ, లూ. చేమాకుల్లో మాంసం, కొబ్బరిపాలు పోసి మూట కట్టి ఉడికించింది. మీరు తిన్నారు. కాగితం మీద ఏదో రాసుకున్నారు. తర్వాత ఏమన్నారో గుర్తుందా?

…గుర్తుంది కదా.

‘ఇంకొంచెం ఉందా’ అన్నారు. కలం పక్కన పడేశారు. మూడుసార్లు పెట్టించుకున్నారు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి మా ఆయనకి చెప్పాను, ఒకావిడ నా వంట ఇంకా పెట్టమని అడిగిందయ్యా అని. ఆయన రేడియో కట్టేసి, మళ్లీ చెప్పు అన్నాడు. మళ్లీ చెప్పాను. ఈ ఉద్యోగం కావాలని నేను అనుకున్నది అప్పుడండీ. మీ జీతం కాగితం ఆ తర్వాత ఎన్నాళ్లకో వచ్చింది.

ఇప్పుడు ఈ ఆరో పేజీ ఏమంటోంది? రేపు మీలాంటి మనిషి వచ్చి కంచం చాపితే, గిన్నె నిండా కూర ముందు పెట్టుకుని, లేదు అనమంటోంది. నాకు చేతకాదు.

…కోపం ఏమీ లేదు. నేనిక్కడే ఉండిపోతాను. సూవా ఆయనకి ఫోను చేయండి, ఇప్పుడే చేస్తే టిక్కెట్టు దొరకచ్చు.

హేపీ, మెట్రన్ గారి దగ్గర నా ఉత్తరం వెనక్కి తీసుకో… ఆ, తీసుకో. విన్నావు కదా. మళ్లీ చెప్పించకు నాచేత.

…ఏంటండీ?

…ఫిలిప్పా గారూ, పెద్దాయనతో అలా మాట్లాడకండి, మీ ఉద్యోగం పోతుంది… నాకు అన్నీ వినబడుతున్నాయి. ఫోను మీద చెయ్యి పెట్టుకుంటే సరిపోదు, వేళ్లు దగ్గరగా పెట్టాలి.

…మీరు రాసిన నివేదికలో ఆ మాట లేదా? మూడుసార్లు తిన్నట్టు పెద్దాయనకి ఇప్పుడే తెలుస్తోందా? అయ్యో, నేను నోరు జారానేమో.

…సార్. ఆ… ఆ… నాకు తెలీదు సార్, ఆవిడనే అడగండి, మూడోసారి ఎన్ని గ్రాములుందో నేను తూచలేదు.

…

…కొట్టేస్తారా.

…ఆరో పేజీ మొత్తమా, ఆ ఒక్క ముక్కేనా?… మొత్తం. ఈ ఒక్క దీవికి. ముందు ఒప్పుకున్న రెండూ అలాగే ఉంటాయి. ఆగస్టులో మీరే స్వయంగా వచ్చి చూస్తారు. రండి సార్. విమానంలో ఇచ్చే తిండి తినకుండా రండి.

హేపీ, ఆగు, ఆగు. ఉత్తరం నీ చేతిలోనే ఉందా? మళ్లీ ఇచ్చెయ్… ఆ, మళ్లీ. వ్యాను కదులుతోందా? పరుగెత్తు… చెప్పులు తర్వాత వేసుకోవచ్చు. మోకాలి సంగతి తర్వాత చూద్దాం, పరుగెత్తు.

ఆ, ఉన్నానండీ. కొత్త కాగితం ఇప్పుడే పంపుతున్నారా. మంచిది, మెట్రన్ గారి గదిలో ప్రింటరుంది. తేదీ దగ్గర ఏం వారమో కూడా వేయించండి… ఇవాళ బుధవారమే. మీ తృప్తి కోసం ఇంకోసారి క్యాలెండరు చూసుకోండి. బుధవారం నాడు నేను పెడితే పెట్టినట్టే.

…సాక్షి కావాలా… ఉన్నాడు ఒకడు. ఇందాకట్నించీ వెనక గుమ్మంలో చేపల బుట్టతో నుంచున్నాడు, లోపలికి రావాలో వద్దో తెలీక… ఆ, మీ జ్వరం మేనేజరే. పొద్దున్న నన్ను చూసి దాక్కున్నందుకు చేపలు తెచ్చాడు. పెద్ద చేపలే తెచ్చాడు, గట్టిగానే భయపడ్డట్టున్నాడు.

సెమిసీ, లోపలికి రా. మీ ఆఫీసువాళ్లు. జ్వరం ఎలా ఉందని అడుగుతున్నారు… నువ్వు మాట్లాడతావా?… మాట్లాడవు. తగ్గిందటండీ.

ఉంటాను ఫిలిప్పా గారూ… ఏంటి? మొదటి మూడు నెలల మార్కులు ఇప్పుడే రాసేస్తారా? వద్దు, వద్దు. తినకుండా వేసే మార్కులైతే వీడే వేసేవాడు కదా. వచ్చి తినండి, తిని వేయండి… ఆ, లూ ఉంటుంది… ఎన్నిసార్లయినా. ఉంటాను.

హేపీ, అందిందా?… వ్యాను కిటికీలోంచి విసిరావా. సరే, లోపల పడింది కదా. కూర్చో. నీళ్లు తాగు.

సెమిసీ, ఈ ఫోను తీసుకుని ఆ త్రాసు పక్కన పెట్టు, నా చేతులు కడుక్కోవాలి. మెట్రన్ గారి గదిలో కాగితం వస్తుంది, పట్రా. కింద నీ సంతకం కూడా కావాలి…

ఏంట్రా గొణుగుతున్నావు?… కాదు. ఇవాళ బుధవారం. పెట్టరా.